రాయిని బట్టే నీరు: మన జిల్లాను నడిచి చూసిన ఫుట్ దొర

బేతంచెర్ల: ఇక్కడికి సమీపాన వున్న బిల్వస్వర్గం గుహలను చూడనివారు ఈ చుట్టుపక్కల అరుదు. సెలవు దినాల్లో పిల్లలను వెంటబెట్టుకొని పోయి, చల్లటి నీడన కూర్చొని సద్దులు తిని వచ్చేవారు ఎందరో వున్నారు. ఆ గుహల్లో నూట నలభై ఏళ్ల కిందట కూలీలను పెట్టి మట్టి తవ్వించి, ఎముకలు ఏరించి, వాటిని కలకత్తాకు పంపిన తెల్లదొర ఒకరున్నారని మాత్రం కొద్దిమందికే తెలుసు. ఆయన పేరు రాబర్ట్ బ్రూస్ ఫుట్. చరిత్ర చదివినవారికి ఆయన ఆదిమానవుని రాతి గొడ్డలిని మొదట గుర్తించిన పెద్దమనిషిగా పరిచయం. కాని ఆయన ఉద్యోగం గొడ్డళ్లు ఏరడం కాదు, రాళ్ల సర్వే. ఏ వూరి కింద ఏ రాయి వున్నదో చూసి పటం మీద రంగు వేయడం ఆయన పని. బోర్లు వేసి అప్పులపాలవుతున్న మన రైతుకు ఆ పటంతో ఎంత అవసరమో ఈ నాలుగు మాటల్లో చెప్పాలని ప్రయత్నం.

ఫుట్ 1834 సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణంలో జన్మించారు. ఇరవై నాలుగేళ్ల వయసులో, 1858 డిసెంబరులో, భారత భూగర్భ సర్వే శాఖలో చేరారు. ఆ శాఖకు అప్పటికి పట్టుమని పదేళ్లు కూడా నిండలేదు. మద్రాసు రాజధానిలో పనిచేసే జట్టుకు ఆయనను పంపారు. మన ప్రాంతానికి అప్పటికింకా రైలు రాలేదు. వానలు వెనకబడ్డాక గుర్రం మీద బయలుదేరి, గుడారాలూ సామానూ ఎద్దుబండ్లపై వేసుకొని, వూరూరా దిగుతూ ఎండలు ముదిరేవరకు తిరగడం సర్వే వారి పద్ధతి. చేతిలో సుత్తి, దిక్సూచి, పటం వుండేవి. కనిపించిన బండనల్లా పగలగొట్టి చూసేవారు. బావి తవ్విన చోట బయట పోసిన రాళ్ల కుప్ప, వంక కోసిన గట్టు, కొండ చరియ, ఇవే వారికి పుస్తకాలు. భూమి లోపల ఏమున్నదో తెలుసుకోవడానికి మన బావుల కంటే మంచి కిటికీ ఆనాడు మరొకటి లేదు.

1862లో ఆయనకు పీటర్ పెర్సివల్ అనే మతగురువు కుమార్తెతో వివాహమైంది. ఆ మామగారు తమిళంలో గొప్ప పండితుడు. ఆ మరుసటి ఏడు, 1863 మే 30న, మద్రాసు పక్కనున్న పల్లావరం దగ్గర మొరం గుంటలో ఫుట్‌కు ఒక చెక్కిన రాయి దొరికింది. చూస్తే మనిషి చేతితో చెక్కినట్టున్నది. మన దేశంలో రాతియుగపు మానవుడున్నాడనడానికి దొరికిన మొదటి సాక్ష్యంగా అది లెక్కకెక్కింది. అదే ఏడు సెప్టెంబరులో తోటి ఉద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో మరెన్నో పనిముట్లు కనుగొన్నారు. ఆయనకు పేరు తెచ్చినది ఈ సంగతే గనుక ఆయన మీద వచ్చిన రాతలన్నీ దాని చుట్టూనే తిరుగుతుంటాయి.

పైన చెప్పిన విలియం కింగ్ మన జిల్లాకు మరీ దగ్గరవాడు. కడప, కర్నూలు రాళ్ల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1872లో వెలువడింది. పొరలు పొరలుగా పరచుకొని వున్న ఈ రాళ్లకు కింగ్ మన వూళ్ల పేర్లే పెట్టారు. అడుగున బనగానపల్లె పొర, దాని మీద నార్జి సున్నపురాయి, ఆపైన ఔకు పలకరాయి, పాణ్యం గట్టిరాయి, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికీ పైన నంద్యాల పలకరాయి. ప్రపంచంలో ఎక్కడ ఈ రాళ్ల గురించి రాసినా నేటికీ ఈ పేర్లే రాస్తారు. పాణ్యం పేరు, ఔకు పేరు ఇంత దూరం పోయిన సంగతి ఆ వూళ్లవారికే తెలియకపోవడం విచిత్రం.

కింగ్ తూర్పు వైపు చూస్తే, ఫుట్ పేరు పడమటి వైపు ఎక్కువగా వినిపిస్తుంది. బళ్లారి జిల్లా రాళ్లపై ఆయన గ్రంథం 1895లో అచ్చయింది. ఆనాటి బళ్లారి జిల్లా అంటే నేటి కర్ణాటకలోని భాగం ఒక్కటే కాదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లో రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలులో కలిశాయి, అంతకు ముందు అవి బళ్లారివే. కనుక ఆదోని కొండల గుండ్లను వర్ణించిన ఆ గ్రంథం మన గ్రంథం కూడా.

ఇక నీటి విషయానికి వద్దాం. ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నేల కింద వున్నది గ్రానైటు, దాని జాతి రాయి. ఇది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. ముక్క తీసుకొని నీళ్లలో వేసినా అది నీటిని పీల్చదు. అటువంటి రాతిలో నీరు రెండు చోట్లనే వుంటుంది. ఒకటి, పైన ఎండకూ వానకూ చివికి గరుసుగా మారిన పొర. రెండు, ఆ గరుసు కింద బండలో వున్న పగుళ్లు. మన తాతలు మోట తోలిన బావులన్నీ గరుసు పొరలోని నీటితోనే బతికాయి. ముప్పై, నలభై అడుగుల్లో గరుసు అయిపోయి గట్టి బండ తగలగానే వడ్డెవాళ్లు పని ఆపేవారు. అది చేతగాక ఆపడం కాదు, కింద నీరు దొరకదని తెలిసే.

బండలో పగుళ్లు పైన ఎక్కువ, లోతుకు పోయేకొద్దీ తక్కువ. మూడు వందల అడుగులు దాటిన తరువాత గ్రానైటులో పగులు తగలడం అదృష్టం మీద ఆధారపడిన విషయం. అయినా మనవారు ఐదు వందలు, ఎనిమిది వందలు, వెయ్యి అడుగులు వేయిస్తున్నారు. పక్కవాని చేనులో నాలుగు వందలకు పడింది కదా అని మన చేనులో ఐదు వందలు వేస్తే తప్పక పడుతుందనుకోవడం పొరపాటు. ఆ పగులు మన చేని కిందికి వచ్చి వుండాలి, రాకపోతే ఎంత దింపినా పైకి లేచేది రాతి దుమ్మే. ఒకవేళ లోతున నీరు పడినా, పైన గరుసుతో సంబంధం లేని పగులైతే రెండించీలుగా మొదలైన బోరు రెండు వేసవులకే ఒట్టిపోతుంది. దానికి నీరు నింపేవారెవరూ లేరు మరి.

గరుసు నిండా నీరున్నా అదంతా మనకు దక్కదు. నూరు ఘనపుటడుగుల గరుసులోంచి బావికి దిగివచ్చే నీరు రెండు మూడు ఘనపుటడుగులే, మిగతాది మట్టిని కరచుకొని వుంటుంది. ఒక మంచి వానకు బావిలో నీరు పది అడుగులు లేవడం, నెల రోజులు మోటారు తోడితే అంతే వేగంగా పడిపోవడం మనం చూస్తున్నదే. కారణం ఇదే.

ఇంకొక లెక్క చెబుతాను. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాదికి సగటున 670 మిల్లీమీటర్ల వాన పడుతుంది. గ్రానైటు నేలల్లో అందులో నూటికి పది పాళ్లు భూమిలోకి దిగుతుందనుకుంటే, ఎకరం నేల ఏడాదికి దాచుకొనే నీరు రెండు లక్షల డెబ్బై వేల లీటర్లు. ఎకరం వరి పండించడానికి సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు కావాలి, అంటే నలభై ఎనిమిది లక్షల లీటర్లు. ఒక ఎకరం బోరు కింద వరి వేసిన రైతు పద్దెనిమిది ఎకరాల మీద పడిన వానను తోడుకుంటున్నాడన్న మాట. అందులో కొంత తిరిగి మడిలోంచి కిందికి దిగుతుంది గనుక లెక్క కొంచెం సడలుతుంది. అయినా ఆ పద్దెనిమిది ఎకరాల్లో ఇరుగుపొరుగు బోర్లు ఎన్ని వున్నాయో ఎవరికి వారు లెక్కపెట్టుకోవచ్చు.

ఫుట్ పనిలో నీటికి దగ్గర సంబంధం గల మరో సంగతి నల్లరాతి గోడలు. పడమటి తాలూకాల్లో తెల్లటి గ్రానైటు నేల మీద నల్ల గుండ్ల వరుస ఒకటి గీత గీసినట్టు మైళ్ల దూరం సాగిపోవడం చూసే వుంటారు. పూర్వం ఎప్పుడో గ్రానైటు నెర్రె విచ్చినప్పుడు కరిగిన రాయి కిందినుంచి లేచి ఆ నెర్రెలో గడ్డకట్టింది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని డైకు అంటారు. పైకి నాలుగు గుండ్లే కనిపించినా నేల లోపల అది నిలువు గోడ. వాలు మీదుగా నేల లోపల జారిపోయే నీటిని అది అడ్డగిస్తుంది. ఎగువ పక్కన బావిలో నీళ్లుంటే దిగువ పక్కన బావి ఎండి వుంటుంది, మధ్య దూరం వంద గజాలే కావచ్చు. అన్నదమ్ములు పాలు పంచుకున్నప్పుడు ఒకరికి ఎగువ, ఒకరికి దిగువ వచ్చి, అన్న చేయి మంచిదని తమ్ముడు కుములుతూ బతికిన కుటుంబాలు వున్నాయి. చేతిలో ఏమీ లేదు, వున్నదంతా ఆ నల్లరాతిలోనే. బళ్లారి దగ్గరి కుప్గల్లు కొండ మీద ఇటువంటి డైకు రాతినే కొట్టి కొత్త రాతియుగపు జనం గొడ్డళ్లు చేసుకొన్నారు. ఆ గొడ్డళ్ల కర్మాగారాన్ని వెలుగులోకి తెచ్చినవారూ ఫుట్ గారే.

గ్రానైటు మధ్య పట్టీలు పట్టీలుగా కనిపించే మరో జాతి పాత రాళ్లను ఆయన వేరుగా గుర్తించి వాటికి ధార్వారు రాళ్లని పేరు పెట్టారు. దక్షిణాదిలోని బంగారు గనులు ఎక్కువగా వున్నవి ఈ పట్టీల్లోనే. పండితులు ఆయనను గొప్పగా చెప్పుకొనేది దీనికే. మన బావుల కథకు దానితో అంత పని లేదు.

ఫుట్ సర్వే ఉద్యోగంలో వున్న కాలంలోనే ధాత కరువు వచ్చింది. 1876లో మొదలై 1878 దాకా సాగిన ఆ కరువులో కర్నూలు జిల్లా జనాభాలో దాదాపు నాలుగో వంతు తరిగిపోయినట్టు 1871, 1881 జనాభా లెక్కలను పోల్చి చూస్తే తెలుస్తుంది. చెరువులు ఎండాయి, గరుసు బావులు ఎండాయి. కొండల అడుగున వూటలున్న చోట మాత్రం మనుషులకూ గొడ్లకూ గొంతు తడిసే నీరుంటుంది. కొండ మీద పగుళ్ల గుండా దిగిన వాన కింద నీటిని జారనివ్వని పొర తగలగానే పక్కకు తిరిగి పాదం దగ్గర బయటపడుతుంది. నల్లమల పాదాన మహానంది కోనేరులో ఏడాది పొడవునా నీరు వూరడం, ఆ నీటితో కింద పొలాలు పారడం అందరికీ తెలిసిన విషయమే.

1883-84 ప్రాంతంలో ఫుట్ బేతంచెర్లకు వచ్చారు. ఈ గుహల సంగతి 1844లోనే న్యూబోల్డ్ అనే సైనికోద్యోగి రాసి వున్నాడు. ఇంగ్లండులో పేరుమోసిన శాస్త్రజ్ఞుడు హక్స్‌లీ వాటిని తవ్వించి చూడమని మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు సూచించగా, ఆ పని ఫుట్ మీద పడింది. ఆయన ఆరంభించిన తవ్వకాన్ని సైన్యంలో వున్న కుమారుడు హెన్రీ కొనసాగించారు. పొరలు పొరలుగా మట్టి తీసినకొద్దీ ఎముకలు బయటపడ్డాయి. వాటిని పరీక్షించిన లిడెక్కర్ అనే నిపుణుడు 1886లో జాబితా ప్రకటించాడు. అందులో ఒక ఖడ్గమృగం వున్నది. అది కొత్త జాతి అని భావించి దానికి కర్నూలు పేరే పెట్టాడు. ఖడ్గమృగానికి నీరూ పచ్చికా కావాలి. నేడు గొర్రెలకే మేత చాలని ఈ గుట్టల్లో ఒకనాడు అది తిరిగింది.

గుహలు ఏర్పడిన తీరు మన నీటి కథలో ముఖ్యమైన ఘట్టం. ఇక్కడి రాయి మనం ఇళ్లకు పరుచుకొనే నాపరాయి, అంటే సున్నపురాయి. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ వున్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెం పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాతి సందుల్లో పారుతూ వేల ఏళ్లలో రాతిని కరిగిస్తుంది. వెంట్రుక వాసి సందు వేలెడవుతుంది, వేలెడు సందు మనిషి దూరే సొరంగమవుతుంది. బిల్వస్వర్గంలో కప్పు కూలిపోగా మిగిలినవే మనం చూస్తున్న తెరపి గదులూ రాతి తోరణాలూ.

ఫుట్ 1884లో కొలిమిగుండ్ల వైపు బెలుం గుహలను కూడా చూసి రాశారు. తరువాత వంద ఏళ్ల దాకా వాటిని పట్టించుకున్నవారు లేరు. 1982, 83 సంవత్సరాల్లో జర్మనీ నుంచి గెబావర్ బృందం వచ్చి కొలతలు తీసింది. 3229 మీటర్ల పొడవు తేలింది. 2002లో యాత్రికులకు తెరిచారు. లోపల అన్నిటికంటె లోతైన చోట, నూట యాభై అడుగుల కింద, పాతాళగంగ అని చిన్న ఏరు వేసవిలోనూ పారుతున్నది. అది రెండు కిలోమీటర్ల దూరాన బెలుం వూరి బావిలోకి పోతుందని అక్కడివారు చెబుతారు. పైన నెర్రెలు విచ్చిన చేను, అడుగున పారే ఏరు. సున్నపురాతి సీమ తీరే అంత.

ఇందువల్ల సున్నపురాయి నేలల్లో బోరుకు ఓ పద్ధతి వుండదు. కరిగిన సందు తగిలితే నీరు ఎగదన్నుతుంది, తగలకపోతే నాపరాయి పొడి తప్ప ఏమీ రాదు. మా చేనులోనే ఇది జరిగింది. మా నాయన వేయించిన మొదటి బోరుకు 280 అడుగుల దగ్గర సందు తగిలి మూడించీల నీరు పడింది. ఆ ధైర్యంతో నలభై అడుగుల దూరాన రెండోది వేయించాము. ఐదు వందలు దించినా తడి కూడా తగల్లేదు. మూడోసారి కొబ్బరికాయ పట్టేవారిని పిలిపించాము. అరచేతిలో కాయ లేచి నిలబడిన చోటనే గురిపెట్టారు, అదీ పోయింది. అమ్మ మెడలోని గొలుసు బ్యాంకులో వున్నది మూడోదాని బాకీ కిందనే. ఇంటరుతో చదువు ఆపిన నాకు అప్పటికి ఈ రాళ్ల సంగతి ఏమీ తెలియదు. తెలిసిన తరువాత చూస్తే, మొదటి బోరు గుట్ట నుంచి వంక వైపు సాగిన నెర్రె మీద వున్నది. మిగతా రెండూ దానికి దూరంగా పలక తీసే గట్టి బండ మీద వున్నాయి.

నంద్యాల వైపు కుందూ లోయలో కథ వేరు. అక్కడ నల్లరేగడి కింద పలకరాయి, నడుమ సున్నపురాయి. పలకరాయి బురద గట్టిపడి ఏర్పడినది. బురదలో సందులు మరీ సన్నం గనుక నీటిని పట్టుకొంటుంది గాని వదలదు. పొరకూ పొరకూ మధ్య నెర్రెల్లో తప్ప చెప్పుకోదగిన నీరు దొరకదు. అయినా ఆ వైపు బావుల్లో నీరు ఎక్కువే కదా అని కొందరు అడగవచ్చు. అది రాతి చలవ కాదు, కె.సి. కాలువ నీరు మడుల్లోంచి దిగి బావులను నింపడమే. కాలువ కట్టేసిన ఏడు ఆ బావులను చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ఫుట్ 1891లో సర్వే ఉద్యోగం నుంచి విరమించారు. ముప్పై మూడేళ్లు తిరిగిన మనిషి స్వదేశానికి పోయి విశ్రాంతి తీసుకోలేదు. బరోడా సంస్థానంలో రాళ్ల సర్వే చేశారు. 1894లో మైసూరు సంస్థానం భూగర్భ శాఖ నెలకొల్పినప్పుడు దానికి మొదటి అధిపతిగా వున్నారు. తరువాత సేలం జిల్లా ఏర్కాడు కొండ మీద ఇల్లు కట్టుకొని, నలభై ఏళ్లుగా పోగుచేసిన రాతి పనిముట్లకు పట్టిక రాసే పనిలో పడ్డారు. ఆ సేకరణనంతా 1904లో మద్రాసు మ్యూజియం కొనుక్కొన్నది. పట్టిక అచ్చయ్యేనాటికి ఆయన లేరు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో మరణించారు. చితాభస్మాన్ని ఏర్కాడు చర్చిలో వుంచారు.

ఆయన నీటి కోసం వెదకిన మనిషి కాదు. నీళ్లు చూపించమని ఆయనను అడిగినవారూ లేరు. కాని ఆయనా కింగూ రంగులు వేసిన పటమే నేటికీ భూగర్భ జల శాఖ వారి పనికి పునాది. ముందు ఆ పటంలో వూరు ఏ రాతి మీద వున్నదో చూసి, తరువాతనే నేలలోకి కరెంటు పంపి రాతి అడ్డును కొలిచే పరీక్ష చేస్తారు. ఆ పరీక్ష నీరు తప్పక పడుతుందని హామీ ఇవ్వదు. గరుసు ఎంత లోతున్నది, కింద బండ పగిలినదా గట్టిదా అన్నది మాత్రం చాలావరకు తేలుస్తుంది. రిగ్గు దింపడానికి అడుగు లెక్కన పోసే సొమ్ముతో పోలిస్తే దాని ఖర్చు తక్కువ. రిగ్గు ఏజెంటు మాత్రం దాని పేరు ఎత్తడు.

మా ఇంట్లో నాలుగో బోరు మాట మళ్లీ వచ్చింది. ఈసారి పరీక్ష చేయించే వేద్దామని నేనూ, ముందు వేసి తరువాత చూద్దామని నాయనా అంటున్నాము. రిగ్గు పక్క వూళ్లోనే వున్నది.